సాక్షిశిల చూపిన మొగుడు

శిలాతోరణ నగరం ఎర్రరాతి కొండను నడిమికి తొలిచి కట్టిన కోట. కొండ నెత్తిన ఏ శిల్పీ చెక్కకుండానే గాలీ వానా కలిసి మలిచిన పెద్ద రాతి తోరణం. దాని కింద మెట్లు మెట్లుగా మేడలు, మేడల మీద పావురాల గుంపులు, గోడల వెంట పాకిన సన్నజాజి తీగలు, వీధి మలుపుల్లో సింహాల నోళ్ళలోంచి జారే నీళ్ళు. సాయంకాలం సూర్యుడు ఆ తోరణంలోకి దిగుతుంటే ఊరంతా కుంకుమ చల్లినట్టు ఎర్రబడేది. ఆ ఎరుపు చూడటానికి దేశదేశాల నుంచి జనం వచ్చేవారు. ఇవాళ మాత్రం అది పడకముందే అందరూ తలుపులు వేసుకుంటున్నారు. సూర్యుడు తోరణంలోకి దిగగానే పాతాళ బావి మూత తెరుస్తారని, చెరలో ఉన్నవారందరినీ అందులోకి దింపుతారని రాజభటులు చాటింపు వేశారు.

ఆ మధ్యాహ్నం కోట గుమ్మం ముందు ఒక తేనె వర్తకుడు కావడి దించాడు. నూనూగు మీసాలు, పెద్ద తలపాగా, నడుముకు చుట్టలు చుట్టలుగా నారతాడు. ఆ మీసాలు గుర్రపు వెంట్రుకలు. మైనంతో అతికించినవి. తలపాగా కింద ఉన్నది బారెడు జడ. ఆ వచ్చింది తేనెకొండల గౌరసాని. బావిలోకి పోబోయేవారిలో ఆమె మొగుడు పేరన్న ఉన్నాడు.

భటుడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఆగరా అబ్బీ. ఉన్నాడా, లేడా?"

"ఎవరు?"

"ఎవరేమిటిరా, దేవుడు! ఉన్నాడంటే పచ్చ తాయెత్తు కడతాం. లేడంటే నల్ల తాయెత్తు. ఏది కట్టినా పొద్దు తోరణంలోకి దిగేలోగా సాక్ష్యం చూపించాలి. చూపించలేకపోతే బావిలోకే."

"తెలియదంటే?"

"తెలియదన్నవాణ్ణి లోపలికి రానివ్వం. తెలివిగలవాళ్ళు ఆ మాటే చెప్పి, సరుకు బయటే అమ్ముకుని పోతున్నారు. పోయిన సంతకి ఒక మహానుభావుడొచ్చాడు. తెలియదను నాయనా, నీకు పుణ్యముంటుందని నేనే చెవిలో చెప్పా. వింటేనా! 'వెతికి చూశాను, కనబడలేదు, లేడు' అన్నాడు. నల్ల తాయెత్తు కట్టించుకుని దర్జాగా నడిచి పోయాడు."

గౌరసానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ మహానుభావుడు ముమ్మాటికీ తన పేరన్నే.

"ఇంతకీ నీ మాటేమిటి?"

లోపలికి పోవాలంటే ఏదో ఒకటి చెప్పాలి. వేషం అబద్ధమే అయినా ఆ ఒక్క సంగతిలో అబద్ధమాడటానికి ఆమెకు నోరు రాలేదు. "ఉన్నాడు" అంది.

భటుడు పచ్చ తాయెత్తు కడుతూ తల కొట్టుకున్నాడు. "వాడూ తేనె వర్తకుడే, నువ్వూ తేనె వర్తకుడివే. ఆ తేనెలో ఏం కలుపుతారురా మీరు! సరే, సభకు పో. అక్కడ సాక్షిశిల ఉంది. కరాళకేశి స్వామి దయతలిస్తే అది ఎవరికి కావలసిన సాక్ష్యం వాళ్ళకు చూపిస్తుంది."

ఈ శాసనం ఎలా పుట్టిందో గౌరసాని దారిలోనే విని వచ్చింది. రాజు కీర్తిభూషణుడికి లేకలేక కలిగిన కొడుకు తోటలో ఆడుకుంటూ పాము కరిచి పడిపోయాడు. పాము కరిచినవారిని ఆ దేశంలో కాల్చరు. అరటిబోదెల తెప్ప మీద పడుకోబెట్టి ఏటిలో వదులుతారు. తెప్ప వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా రాజు మోకాలిలోతు నీళ్ళలో కదలకుండా నిలబడ్డాడు. కోటకు తిరిగి వచ్చాక సభలో సగం మంది "దేవుడు తన దగ్గరికి తీసుకున్నాడు" అన్నారు. తక్కిన సగం "దేవుడే ఉంటే పసివాడికి ఇలా జరుగుతుందా" అన్నారు. రెండు మాటలూ రాజుకు పుండు మీద కారంలా తగిలాయి. చూడకుండా ఇకపై ఎవరూ మాట్లాడకూడదు, ఏ మాట అన్నా సాక్ష్యం తేవాలి, తేలేనివారు చెరకు పోవాలి అన్నాడు. ఆ వెంటనే, పిలిచినట్టుగా, కరాళకేశి అనే మాంత్రికుడు నల్లరాతిని బండి మీద వేసుకుని వచ్చాడు. చెరలో ఉన్నవారిని అమావాస్యనాడు బావిలో దింపాలన్నది అతడి ఏర్పాటే. ఆ ప్రాణాలు అతడి క్షుద్రపూజకేనని జనం చాటుగా చెప్పుకుంటున్నారు. ఇదే మొదటి అమావాస్య.

సభా మంటపం వాకిట్లో రెండు తలల ఎలుగుబంటి కాపలా ఉంది. ఇత్తడి గొలుసు, గుమ్మడికాయలంత తలలు. మారువేషాన్ని వాసనతో పట్టేయడం దాని పని. గౌరసాని అడుగు పెట్టీ పెట్టగానే ఎడమ తల ముక్కు ఎగబీల్చింది, కుడి తల కోరలు చూపింది. భటులు కత్తుల మీద చేతులు వేశారు. గౌరసాని ఆలోచించలేదు. కావడిలోంచి ఒక కుండ తీసి రాతి మీద కొట్టింది. పుట్టతేనె బంగారు చారలా పారింది. ఎడమ తల వంగి నాకబోతే కుడి తల దాని చెవి కొరికింది. అది దీని చెంప మీద కరిచింది. కడుపు ఒక్కటే అన్న ఊహ రెండింటికీ రాలేదు. అవి కొట్టుకుంటుంటే, భటులు గొలుసు లాగలేక అరుస్తుంటే, ఆమె కావడితో సహా పక్కనుంచి జారుకుని సభలో నిలబడింది.

నడిమిన సాక్షిశిల. ఏనుగు పిల్లంత నల్లరాయి, నూనె రాసినట్టు మెరుస్తోంది. పక్కన కరాళకేశి. మోకాళ్ళదాకా వేలాడే రాగిరంగు జడలు, కళ్ళకు చితి బూడిద, చేతిలో గబ్బిలం తల చెక్కిన దండం. సింహాసనం మీద రాజున్నాడు కానీ వచ్చినవారి వైపు చూడలేదు. ఆయన చూపంతా రాతి మీదే. రోజుకొకసారి అందులో కొడుకు కనబడి మాట్లాడతాడు. ఆ ఘడియ కోసమే రాజు తిని తాగుతున్నాడని జనం చెప్పుకుంటారు.

"ఏం సాక్ష్యం కావాలి బాలకా?" అన్నాడు మాంత్రికుడు.

"స్వామీ, మా కొండల పేరన్న మీ చెరలో ఉన్నాడు. బుద్ధెరిగాక ఒక్క దేవుడికీ చెయ్యెత్తి ఎరగడు. వాడి నోట దేవుడున్నాడని పలికించండి. నాకదే సాక్ష్యం." చెరలోంచి పేరన్నను పైకి రప్పించడానికి ఆమె పన్నిన ఎత్తు అది.

కరాళకేశి ఆమెను పైనుంచి కిందికి చూసి చిరునవ్వు నవ్వాడు. పేరన్నను తీసుకురమ్మని ఎవరినీ పంపలేదు. దండంతో రాతిని తాకాడు. రాయి పొగ కక్కింది. పొగలోంచి పేరన్న నడిచి వచ్చాడు.

అదే మనిషి. చెవి కింద పుట్టుమచ్చ, మణికట్టు మీద కాగడా కాలిన మచ్చ, ఒంటి నుంచి పొగ వాసన.

"గౌరీ! నాకోసం ఎంత దూరం వచ్చావే!" అన్నాడు. సభ ఉలిక్కిపడింది. "ఇన్నాళ్ళూ నిన్ను ఏడిపించాను. నువ్వన్నదే నిజం. దేవుడున్నాడు. ఇక నుంచి నువ్వు దీపం పెట్టుకుంటే నేను పక్కన కూర్చుని గంట వాయిస్తాను."

పెళ్ళినాటి నుంచి ఆ మాట కోసం గౌరసాని మొక్కని రాయి లేదు. ఉపవాసాలున్నది, అలిగింది, అతని గొంగళి కొసకు విబూది కట్టింది. ఇప్పుడు ఆ మాట చెవిన పడేసరికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి.

రాజు మొదటిసారి ఇటు తిరిగాడు. "అమ్మా, సాక్ష్యం సరిపోయిందా? సరిపోయిందంటే నువ్వూ నీ భర్తా ఇప్పుడే వెళ్ళవచ్చు."

"పద గౌరీ, ఇంటికి పోదాం" అన్నాడు అతను.

కిటికీ బయట ఎండ పసుపు తిరుగుతోంది. గౌరసాని అతని చెయ్యి పట్టుకోబోయి ఆగింది. "మామా, ఉన్నాడని నీకెలా తెలిసింది?"

"నువ్వు చెప్పావుగా. నీ మాట మీద నమ్మేశాను."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కూరలో ఉప్పు వేశానంటే నాలుక మీద వేసుకుని చూడనిదే ఒప్పుకోని మనిషి పేరన్న. వాన పడుతోందంటే అరచెయ్యి బయటపెట్టి చూస్తాడు. ఆమె మాట మీద అతను పొయ్యి కూడా ఆర్పి ఎరగడు. ఇన్నేళ్ళూ కొండంత చిరాకు తెప్పించిన ఆ గుణం ఈ మనిషిలో వెతికితే దొరకలేదు.

తన ఆశనే మనిషిగా చేసి ఎదురుగా నిలబెట్టారు. బతికున్న మొగుడు ఇంత ముద్దుగా ఎందుకుంటాడు?

ఆమె మీసం పీకి నేలకేసి కొట్టింది. తలపాగా విప్పింది. "మహారాజా, నేను పేరన్న పెళ్ళాన్ని. ఇతను నా మొగుడు కాడు."

"కళ్ళతో చూసిన సాక్ష్యాన్ని కాదంటావా!" కరాళకేశి దండం నేలకు కొట్టాడు. "పచ్చ తాయెత్తు కట్టుకుని!"

"పచ్చ తాయెత్తు కట్టుకున్నాను కాబట్టే కాదంటున్నాను. మొగుడి వేషం వేసుకొచ్చినవాణ్ణి ఇంట్లోకి రానిస్తే, బావి దగ్గర నిలబడ్డ నా మొగుడేమైపోతాడు? దేవుడి సంగతీ అంతే." రాజు వైపు తిరిగింది. "అయ్యా, తమ బాబు రోజూ ఈ రాతిలో మాట్లాడతాడట. ఒక్కసారన్నా తమ మాట కాదన్నాడా?"

రాజు పెదవులు కదిలాయి.

"వాడు... అన్నానికి పిలిస్తే పారిపోయేవాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే మీసం లాగేవాడు. కోపమొస్తే, నువ్వు రాజువి కావు పో, అనేవాడు." ఆయన లేచి రాతి ముందుకు వచ్చాడు. "నాయనా, ఒకసారి కనబడు."

రాతిలో బంగారు మొలతాడుతో పసివాడి రూపం వెలిగింది. "నాన్నగారూ, నేను దేవుడి దగ్గర సుఖంగా ఉన్నాను."

"వేపాకు కషాయం ఇస్తాను. తాగుతావా?"

"తాగుతాను నాన్నగారూ" అన్నది ఆ రూపం తియ్యగా.

"ఛీ! నువ్వు నా కొడుకువి కావు!" రాజు అరుపుకు మంటపం మారుమోగింది. ఒరలోంచి కత్తి లాగి రాతిని రెండు చేతులా నరికాడు. రాయి కుండ పగిలినట్టు పగిలింది. దొంగ పేరన్న మెడ సాగి, ఒళ్ళు పొలుసులు తేలి, కొండచిలువై గౌరసాని మీదికి లంఘించాడు. ఆమె మిగిలిన తేనెకుండ దాని నోట్లోకి విసిరి పక్కకు దొర్లింది. పాము కుండ మింగలేక, కక్కలేక, స్తంభానికి చుట్టుకుని కొట్టుకుంటూ మసిగా రాలిపోయింది.

కరాళకేశి జడలు రెక్కలయ్యాయి. పెద్ద గబ్బిలమై కిటికీలోంచి ఎగిరిపోతూ, "పాతాళమా, నోరు తెరువు!" అని కూశాడు.

గౌరసాని మంటపం వెనక బావి ఉన్న పెరట్లోకి పరుగెత్తింది. సూర్యుడు తోరణం అంచు తాకాడు. బావి మీద పరిచిన బల్లపై చెరలోని వాళ్ళను నిలబెట్టి ఉన్నారు. ఆమె కళ్ళ ముందే బల్ల గొలుసులు ఫట్‌ఫట్‌మని తెగాయి. బల్ల కూలింది. కేకలు లోపలికి జారిపోయాయి. గబ్బిలం కూడా వాళ్ళ వెనకే చీకట్లోకి దూకింది.

ఆమె అంచున బోర్లా పడుకుని తొంగి చూసింది. బావి గోడకు పొడుచుకొచ్చిన సన్నటి రాతి మీద పడి, ఒకరినొకరు కరచుకుని అందరూ వేలాడుతున్నారు. రాయి పొడిపొడిగా రాలుతోంది.

తేనెకొండల్లో మగవాడు తేనెపట్టు కోసం కొండ అంచు దిగితే తాడు పట్టుకునేది పెళ్ళామే. ఆ తాడు ఇంకొకరి చేతికి ఇవ్వరు. గౌరసాని నడుము తాడు విప్పి ఒక కొస రాతిస్తంభానికి బిగించి, నడుముకు ఒక చుట్టు వేసుకుని, రెండో కొస లోపలికి వదిలింది.

కింద ఎవరో తాడు పట్టుకుని గట్టిగా గుంజారు. వదిలారు. మళ్ళీ గుంజారు.

"ఎవరు పైన? తాడు దేనికి కట్టారు?"

"నేనే! స్తంభానికి!"

"స్తంభం కదులుతోందేమో చూశావా? ముడి ఏ ముడి?"

"చస్తూ కూడా ముడి అడుగుతావేం మామా! ఎక్కు!"

"చస్తున్నాను కాబట్టే అడుగుతున్నా!"

గౌరసాని పకపకా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళనీళ్ళు ముక్కు మీదుగా కారాయి. ఈ గొంతుకు మచ్చలూ పుట్టుమచ్చలూ చూడక్కర్లేదు. "ఎలుగుబంటి వేలాడినా జారని ఎలుగు ముడే! రెట్టించి వేశా!" అంది.

"అయితే ముందు ముసలాళ్ళు ఎక్కండి" అన్నాడు కింద పేరన్న.

పచ్చ తాయెత్తు తాత ఒకాయన ముందెక్కాడు, దేవుణ్ణి తలుచుకుంటూ. అతని కాళ్ళను భుజం మీద మోస్తూ నల్ల తాయెత్తు పట్టుసాలె ఎక్కాడు, తాత బరువును తిట్టుకుంటూ. భటులు ఈటెలు పారేసి వచ్చి తాడు అందుకోబోతే గౌరసాని వదలలేదు. "వెనకనుంచి లాగండి, ముందు మాత్రం నేనే." ఒక్కొక్కరే పైకి వచ్చి నేల మీద పడి, ఆ నేలనే ముద్దు పెట్టుకున్నారు. పేరన్న కాలు తీసేసరికి అతను నిలబడ్డ రాయి ఊడి చీకట్లోకి పడిపోయింది.

పైకి వచ్చిన మనిషి ముందు ముడి చూశాడు. తరవాతే పెళ్ళాన్ని చూశాడు. ఆమె అతని గుండె మీద రెండు చేతులా గుద్ది, ఆ గుండెకే తల ఆనించింది.

"తెలియదని ఒక్క మాటంటే నీ నోటి ముత్యాలు రాలతాయా?"

"మరి నీ మెడలో ఇదేమిటే? నువ్వన్నావా తెలియదని?"

ఆమె పచ్చ తాయెత్తు చూసుకుని నాలుక కరుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకు మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎర్రటి వెలుగులోకి పిల్లలు పరుగెత్తుకొచ్చారు.

రాజు వచ్చి తన చేతులతోనే తాయెత్తులన్నీ తెంపాడు. గౌరసాని దగ్గర ఆగాడు. "తల్లీ, ఆ రాయి దొంగది. ఒప్పుకున్నాను. మరి నువ్వు ఉన్నాడన్నావు. నీ సాక్ష్యమేది?"

"నా దగ్గర లేదు దొరా. ఎప్పుడూ లేదు." ఆమె తాడు చుట్టలు సర్దుకుంటూ అంది. "మా ఆయన కొండ దిగితే పైనుంచి నాకు మనిషి కనబడడు. పొగా, తేనెటీగలూ. అరిచినా వినబడదు. చేతిలో తాడు బరువుగా ఉంటుంది, అంతే. ఆ బరువు చూసుకుని నిలబడతాను. నాకు దేవుడూ అట్లాగే."

"తాడుకు బండరాయి కట్టినా బరువుగానే ఉంటుంది" అన్నాడు పేరన్న.

"విన్నారా? ఇదీ నా మొగుడంటే!" అంది ఆమె మురిసిపోతూ.

కొడుకు తెప్పను వదిలిన రోజు తరవాత రాజు నవ్వడం సభవారు చూసింది అదే మొదటిసారి. ఆ నవ్వు ఆగాక పేరన్న గొంతు తగ్గించాడు. "మహారాజా, ఒక సంగతి. మా చెరగది బావి గోడకు ఆనుకునే ఉంది. గోడకు చెవి పెడితే అడుగునుంచి ఒక పసివాడి గొంతు వినబడేది. ఎవరో మందు తాగమంటుంటే, తాగను పో, మా నాన్నకి చెబుతా, అని పోట్లాడేది. పాము విషానికి కొయ్యబారిన పిల్లల్ని ఏట్లో పట్టుకుని బతికించుకునే విద్య మాంత్రికులకు ఉందంటారు. నిజమో కాదో నేను చెప్పలేను, దిగి చూడాలి."

రాజు స్తంభం పట్టుకున్నాడు.

"నువ్వు చూశావా?" అంది గౌరసాని.

"లేదు. విన్నాను."

"చూడకుండానే నమ్మి దిగుతానంటావా?"

"నమ్మడానికి కాదే, చూడటానికే దిగుతానంటున్నా" అని పేరన్న కాగడా వెలిగించి పళ్ళ మధ్య కత్తి కరిచాడు. తాడు గుంజి చూసుకుని అంచు దిగాడు.

కాగడా చిన్నదైంది, మిణుగురైంది. రాజు వచ్చి ఆమె వెనక తాడు పట్టుకున్నాడు. "అమ్మా, ఏమని మొక్కమంటావు నన్ను?"

"ఆ పని నేను చూసుకుంటాను దొరా. మీరు గట్టిగా పట్టుకోండి."

అంతలో అడుగున రెండు పచ్చటి కళ్ళు, ఒక్కొక్కటీ పళ్ళెమంత, మెల్లగా తెరుచుకున్నాయి. వాటి వెలుగులో ఒక ఇనుప పంజరం, పంజరంలో లేచి నిలబడ్డ ఒక చిన్న ఆకారం కనబడ్డాయి. తాడు ఒక్కసారి బరువెక్కి ఊగింది.

"గౌరీ! తాడు వదలకు!"

"వదిలిందెప్పుడు!" అని గౌరసాని కాలు స్తంభానికి తన్నిపెట్టి వెనక్కి వాలింది.